యాభై మూడు రోజులు, ఒక ఊరు: ‘సేలమ్స్ లాట్’ చదివిన నా అనుభవం

2024 జులై 7, ఆదివారం ఉదయం హైదరాబాదు ఆబిడ్స్‌లో, మూసి ఉన్న దుకాణాల ముందు పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల వరుసలో, అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ రాసిన భయం నవల ‘సేలమ్స్ లాట్’ నాకు దొరికింది. అమ్మే అబ్బాయి మొదట 250 రూపాయలు చెప్పి, నేను రెండడుగులు ముందుకు వేసేసరికి 150కి ఇచ్చాడు. ఎనభయ్యో దశకంలో వారపత్రికల్లో వచ్చిన క్షుద్ర సీరియళ్లను అమ్మకు తెలియకుండా పాఠ్యపుస్తకంలో పెట్టుకుని చదివిన తరం నాది. ఆ రోజుల తరువాత అలాంటి కథ జోలికి వెళ్లలేదు. చిన్న ఊరు, గుట్ట మీద పాడుబడిన ఇల్లు, మాయమైన పిల్లవాడు అన్న మూడు మాటలు వెనుక అట్ట మీద కనపడగానే, మా అమ్మాయి వద్దంటున్నా సంచిలో వేసుకున్నాను.

నేను కొవ్వూరులో ఉంటాను. బళ్లో తెలుగు చెబుతాను. మా వారి ఉద్యోగం కాకినాడలో. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోతారు కనుక, వారంలో అయిదు రాత్రులు ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. తెలుగు మాధ్యమంలో చదువుకున్న నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన ఇంగ్లీషు నవలలు అప్పటికి రెండే. నాలాగే ఈ పుస్తకం చేతిలోకి తీసుకునేవాళ్లకు, ముఖ్యంగా రాత్రిపూట ఒంటరిగా చదవబోయేవాళ్లకు, ఏ రోజు ఏమవుతుందో వరుసగా చెప్పాలని ఇది రాస్తున్నాను. ఆఖరి ముప్పై పేజీల సంగతి చెప్పను. మిగిలిన కథ కొంత చెప్పక తప్పదు.

జులై 9, మంగళవారం రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాను. గంటా నలభై నిమిషాల్లో ఆరు పేజీలు నడిచాయి. నవల తిన్నగా ఊళ్లో మొదలు కాదు. ఒక పొడవాటి మనిషి, ఒక కుర్రవాడు ఊరూరా తిరుగుతుంటారు. చూసినవాళ్లు తండ్రీకొడుకులనుకుంటారు గాని, వాళ్లు కారు. ఆ మనిషి ఎక్కడున్నా అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చే వార్తాపత్రిక కోసం వెతుకుతాడు, అందులో ఒక ఊరి పేరు కనపడుతుందేమోనని చూస్తాడు. చివరికి సరిహద్దు దాటి మెక్సికోలో ఒక పల్లెకు చేరుతారు. అంటే జెరూసలేమ్స్ లాట్ అనే ఊరు (‘సేలమ్స్ లాట్’ దాని పొట్టి పేరే) ఖాళీ అయిపోయిందనీ, ఈ ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారనీ మొదటి రాత్రే మనకు తెలిసిపోతుంది. ముందే చెప్పేశాక ఇక భయం ఏముంటుందని ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను. ఆ తెలియడమే తరువాత నన్ను పట్టి పీడించింది. ఎవరు నవ్వినా, ఎవరు కాఫీ కలుపుకున్నా, ఈ మనిషి మిగలడు కదా అన్న తలపు పక్కనే వచ్చి కూర్చునేది.

మొదట ఎదురైన ఇబ్బందికీ కథకూ సంబంధం లేదు. పుస్తకంలో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. మూడో రాత్రికి కణతలు పోటు పెట్టాయి. జులై 13న కళ్లజోళ్ల దుకాణానికి వెళితే, దగ్గరి చూపు పవరు రెండు నుంచి రెండుంపావుకు పెరిగిందన్నారు. కొత్త అద్దాలకు 1,450 రూపాయలయింది. 150 రూపాయల పుస్తకం అని లెక్క వేసుకుని కూర్చుంటే కుదరదు, పాత ముద్రణ కొనేవాళ్లు ఒక పేజీ తెరిచి ట్యూబులైటు కింద చదివి చూసుకోవాలి.

రెండో ఇబ్బంది పేర్లు. ఇది ఒక కథానాయకుడి నవల అనుకుని మొదలుపెట్టాను. రచయిత బెన్ మియర్స్ అనే ఆయన ఉన్నాడు, చిన్నప్పుడు పందెం కోసం ఆ పాడుబడిన మార్‌స్టెన్ ఇంట్లోకి వెళ్లి చూడరానిది చూశాడు, ఇప్పుడు ఆ ఇంటి గురించే పుస్తకం రాయాలని తిరిగి వచ్చాడు. కాని కొన్ని అధ్యాయాల్లో ఆయన జాడే ఉండదు. ఆ అధ్యాయాలకు ఊరి పేరే పెట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి పాలు పితికే కొట్టంలో మొదలై, పాలవాడు, శ్మశానం చూసుకునే మనిషి, చెత్తకుప్ప కాపలాదారు, స్థలాల బేరగాడు, పసిబిడ్డను కొట్టే తల్లి, ఇలా గడియారం ముల్లుతో పాటు ఊరంతా తిరిగి రాత్రికి ముగుస్తాయి. మనిషికి ఒకటి రెండు పేజీలు, ఆ వెంటనే ఇంకో మనిషి. నాలుగో రోజుకే ఎవరు ఎవరో కలిసిపోయారు.

జులై 14 ఆదివారం నాడు బీరువాలో ఉన్న పాత హాజరు పట్టీ ఒకటి తీసి, ఊరివాళ్ల పేర్లు వరుస నంబర్లతో రాయడం మొదలుపెట్టాను. పేరు, వృత్తి, ఎవరికి ఏమవుతారు అని మూడు గళ్లు. ముప్పై ఏళ్ల అలవాటు కనుక చేతికి సులువుగా వచ్చింది. చదువుతూ చదువుతూ 52 పేర్లు రాశాను. ఈ పని నన్ను నవలలో నిలబెట్టింది, కాని దాని వల్ల ఏం జరగబోతోందో అప్పుడు నాకు తెలియదు.

మొదటి పన్నెండు రోజులు ఏమీ జరగదు. చాలామంది ఈ పుస్తకాన్ని వదిలేసేది ఇక్కడేనని నా అనుమానం. మా బళ్లో ఇంగ్లీషు చెప్పే మేడం గారు కూడా, ఊరి అధ్యాయాలు దాటేసి కథలోకి వెళ్లిపొమ్మని సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. పదమూడు వందల పైచిలుకు జనం ఉన్న ఆ ఊరికి పేరు ఎలా వచ్చిందో ఆ పేజీల్లోనే ఉంది. ఒక రైతు పెంచిన పంది, దాని పేరు జెరూసలేమ్, తప్పించుకుని అడవిలోకి పోయి మదమెక్కి తిరుగుతుంటే, జెరూసలేమ్ ఉన్న కలప దొడ్డి వైపు వెళ్లకండిరా అని ఆయన పిల్లల్ని హెచ్చరించేవాడట. ఆ హెచ్చరిక మాటే ఊరి పేరయి కూర్చుంది. స్థలాల బేరగాడు లారీ క్రాకెట్, అచ్చమైన మర్యాదస్థుడిలా కనిపించే స్ట్రేకర్ అనే కొత్త మనిషికి ఆ పాడుబడిన ఇంటినీ, ఒక పాత లాండ్రీ దుకాణాన్నీ కలిపి ఒకే ఒక్క డాలరుకు అమ్ముతాడు. దానికి బదులుగా వేరే చోట దక్కిన భూమి సంగతి అతడి కడుపులోనే ఉంటుంది. ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు అని అడగకుండా ఉండటమే ఆ బేరంలో అసలు షరతు. ఈ పేజీలు దాటేసినవాళ్లకు తరువాత వచ్చే రక్తపిశాచి ఒక బొమ్మలా కనిపిస్తుంది, ఊరు పోయినా బాధ కలగదు.

జులై 21న, పదమూడో రోజున, కుక్క వచ్చింది. పాలవాడి కుక్కను ఎవరో చంపి శ్మశానం గేటు ఊచలకు వేలాడదీస్తారు. శ్మశానం పనిచేసే మైక్ రయర్సన్ పొద్దున్నే వచ్చి చూస్తాడు. ఆ కుక్క మొహం మీద కళ్లకు పైన రెండు తెల్ల మచ్చలు ఉంటాయి, ఇంకో జత కళ్లలా. అక్కడ పుస్తకం మూసి గ్లాసెడు మంచినీళ్లు తాగాను. మా వీధిలో రాత్రి పదకొండు దాటాక కుక్కలు మొరగని రోజు ఉండదు, ఆ మొరుగుడు ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ పట్టలేదు. ఆ రాత్రి మాత్రం అవి ఎప్పుడు ఆగిపోతాయో అని వింటూ పడుకున్నాను. అవి ఆగినప్పుడు భయం వేసింది.

ఆ వారంలోనే గోదావరికి వరద వచ్చింది. గోష్పాద క్షేత్రం మెట్ల మీదికి ఎర్రనీళ్లు ఎక్కాయని బళ్లో పిల్లలు చెప్పేవాళ్లు. రెండు రాత్రులు కరెంటు పోయింది. మా ఇన్వర్టరు నలభై నిమిషాలే పనిచేస్తుంది, ఆ నలభై నిమిషాల్లోనే గ్లిక్ అన్నదమ్ములు అడవి దారిన స్నేహితుడి ఇంటికి బయలుదేరిన ఘట్టం చదివాను. పెద్దవాడు డానీ ఒక్కడే ఇంటికి చేరతాడు. చిన్నవాడు రాల్ఫీ ఏమయ్యాడో వాడికి జ్ఞాపకం లేదు. ఆ అడవిలో ఏం జరిగిందో కింగ్ తిన్నగా చూపించడు. చీకటి, కొమ్మ విరిగిన చప్పుడు, చిన్నవాడి ఏడుపు, అంతే. మిగిలింది కరెంటు లేని మా వంటింట్లో నేనే పూర్తి చేసుకున్నాను.

జులై 26, శుక్రవారం నాటి పేజీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మాట్ బర్క్ అనే పాత్ర ఉంది. వయసు అరవై మూడు, హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు, పెళ్లి చేసుకోలేదు, ఊళ్లో సగం మందికి చదువు చెప్పినవాడు. రచయిత కింగ్ స్వయంగా మెయిన్‌లోని హాంప్‌డెన్‌లో బడిపంతులుగా పనిచేశాడని, పిల్లలకు పాఠం చెబుతున్నప్పుడే ఈ నవల ఊహ పుట్టిందని తరువాత తెలిసింది. ఈ మాస్టారు నిజంగా పాఠం చెప్పే మనిషిలాగే ఆలోచిస్తాడు, చూసిన దాన్ని పేరుపెట్టి పిలవడానికి సిగ్గుపడతాడు. నీరసించిపోయిన మైక్ రయర్సన్‌ను జాలిపడి ఆ రాత్రి తన ఇంట్లో పడుకోమంటాడు. అర్ధరాత్రి మేడ మీది గదిలోంచి మైక్ ఎవరినో లోపలికి రమ్మని పిలవడం మాస్టారుకు వినపడుతుంది. తరువాత కిటికీ పైకి లేచిన చప్పుడు, ఒక పిల్లవాడి నవ్వు. మాస్టారు మెట్లెక్కలేడు. పక్క మీద నుంచి లేచి వెళ్లే ధైర్యం చాలదు. ఆ చాలకపోవడాన్ని రచయిత దాచడు, తిట్టడు. నేనైనా ఆ మెట్లు ఎక్కి ఉండేదాన్ని కాదు.

ఇంట్లోవాళ్లు పిలవనిదే రక్తపిశాచి లోపలికి రాలేదన్న నియమం ఇక్కడ నన్ను ముప్పై అయిదేళ్లు వెనక్కి లాక్కుపోయింది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో ఇంటింటికీ తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సుద్దతో, బొగ్గుతో, కొందరు ఎర్ర రంగుతో రాసుకున్నారు. రాత్రివేళ ఇంట్లోవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని చెప్పుకునేవాళ్లు. మా అమ్మమ్మకు చదువు రాదు. నాచేత రాయించుకుంది. సుద్దముక్క చిన్నదై ‘రా’ దగ్గర అరిగిపోతే, దీర్ఘం వేలితో నీళ్లు అద్ది దిద్దాను. పొద్దున్నే ఆమె గడపకు పసుపు రాస్తూ, రాత్రి మూడుసార్లు పిలిస్తే గాని పలకొద్దని నాకు మళ్లీ చెప్పింది. ఎక్కడి మెయిన్ రాష్ట్రం, ఎక్కడి గోదావరి లంక పల్లె! గడప అవతలి దానికి మన నోటి మాట కావాలన్న సంగతి రెండు చోట్లా ఒకటే. అక్కడి నుంచి ఈ నవల నాకు పరాయి దేశపు కథ కాకుండా పోయింది.

ఆగస్టు 2, శుక్రవారం. డానీ గ్లిక్ చనిపోయి, పూడ్చిపెట్టిన తరువాత, స్నేహితుడు మార్క్ పెట్రీ మేడగది కిటికీ దగ్గరికి వస్తాడు. కిటికీ అవతల నిలబడటానికి ఏమీ లేదు, గాలి తప్ప. లోపలికి రానివ్వమంటాడు. మార్క్‌కు దెయ్యాల ప్లాస్టిక్ బొమ్మలు అంటించి రంగులు వేసే సరదా ఉంది. ఆ బొమ్మల శ్మశానంలోని చిన్న ప్లాస్టిక్ శిలువ పీకి పట్టుకుని నిలబడతాడు. పెద్దవాళ్లు ఒప్పుకోవడానికి వంద పేజీలు పట్టిన సంగతి ఆ పిల్లవాడికి ఒక్క క్షణంలో అర్థమవుతుంది. నా పడకగది కూడా మేడ మీదే ఉంది. ఆ రాత్రి ఆగస్టు ఉక్కపోతలో కిటికీ తలుపులు వేసుకుని, తరువాత కిందికి దిగి, హాల్లో లైటు ఆర్పకుండా సోఫా మీద పడుకున్నాను. తెల్లవారాక మా అమ్మాయికి ఫోను చేస్తే, “అమ్మా, ఆ పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టు” అంది. నాలుగు రోజులు ముట్టుకోలేదు. ఆ విరామం మంచిదే. ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉన్నవాళ్లు ఈ ఘట్టాన్ని పగలు చదవడం మేలు.

ఆగస్టు 7 నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఇక్కడి నుంచి వేగం దానంతట అదే పెరిగింది, రాత్రికి పది పేజీలు పన్నెండు పదిహేనుకు చేరాయి. అయితే ఇప్పుడు హాజరు పట్టీలో కొత్త గడి అవసరమైంది. ఎవరైనా పొద్దున పనికి రాకపోతే, ఎవరి ఇంటి తెరలు పట్టపగలు మూసి ఉంటే, ఆ పేరు ఎదురుగా బళ్లో రాసినట్టే ‘గై’ అని రాశాను. గైర్హాజరు. మొదటి రెండు మూడు రోజులు రాత్రికొకటి, తరువాత నాలుగు, ఒక రాత్రి తొమ్మిది. ఎర్ర సిరా కలంతో నిలువునా ఆ అక్షరం దిగుతూ పోతుంటే, చేతిలో ఉన్నది నవల అన్న మాట మరిచి, ఏదో ఏడాది మా తరగతిలో అంటువ్యాధి వచ్చినప్పటి దిగులు పట్టుకుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించింది ఆ పాడుబడిన ఇంట్లో దిగిన రక్తపిశాచి బార్లో కాదు. ఊళ్లో మేబెల్ వెర్ట్స్ అని ఒక ముసలావిడ ఉంది. కిటికీ దగ్గర బైనాక్యులర్లు పట్టుకుని కూర్చుంటుంది, చేతికందే దూరంలో ఫోను. ఊళ్లో ఎవరు ఎవరింటికి వెళ్లారో ఆవిడకు తెలియనిది లేదు. అలాంటి ఊళ్లో మనుషులు ఒక్కొక్కరే మాయమవుతుంటే, అందరూ ఫోన్లలో చెప్పుకుంటారు, ఎవరూ వెళ్లి తలుపు తట్టరు. మనకు ఆరా తీయడం అనే మాట ఉంది, పలకరించడం అనే మాట ఉంది. ఆ ఊళ్లో ఆరాకు లోటు లేదు. పలకరింపు ఎప్పుడో పోయింది. పక్కింటివాళ్లు కనపడకపోతే, ఎవరికో తెలిసే ఉంటుందిలే అని ఒకరి మీద ఒకరు వదిలేస్తారు. పోలీసు గిలెస్పీ ఊరు వదిలి పోతూ, ఇది చచ్చి చాలా ఏళ్లయింది, అందుకే వాడు ఇక్కడికి వచ్చాడు అన్న అర్థం వచ్చే మాటలు అంటాడు. ఆ పేజీ మూలలో అంతకుముందు పుస్తకం చదివినవారెవరో పెన్సిలుతో ఒక గీత గీసి ఉంచారు. ఆ మనిషిది ఏ ఊరో అనుకున్నాను.

ఆగస్టు 14 రాత్రి పెద్ద దెబ్బ తగిలింది. మార్క్, ఊరి అమ్మాయి సూసన్ ఆ మార్‌స్టెన్ ఇంట్లోకి అడుగుపెట్టారు. ఊపిరి బిగబట్టి పేజీ తిప్పితే, అప్పటికే చదివిన వాక్యం మళ్లీ కనపడింది. 304వ పేజీ తరువాత 289వ పేజీ. అది మళ్లీ 304 దాకా వచ్చి, ఆ తరువాత 321 మొదలైంది. బైండింగులో ఒక ఫారం రెండుసార్లు వేసి, దాని తరువాతి ఫారం వదిలేశారు. పదహారు పేజీలు లేవు. పాత పుస్తకాలు కొనేటప్పుడు అట్టా, చివరి పేజీ చూసుకుంటాం గాని, మధ్యలో పేజీ సంఖ్యలు చూసుకోవాలన్న ఊహ నాకు అంతవరకు రాలేదు. తరువాత కథ ఎలాగూ ఉంది కదా అని 321 నుంచి చదవబోయి, మనసొప్పక ఆపేశాను.

మర్నాడు సెలవు కనుక పొద్దున్నే ఆన్‌లైన్‌లో కొత్త ప్రతికి 499 రూపాయలు కట్టాను. అయిదు రోజుల్లో వస్తుందన్నారు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులు చేతిలో పుస్తకం లేదు, కాని రాత్రి తొమ్మిదయ్యేసరికి అలవాటుగా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేదాన్ని. ఏం చేయాలో తోచక వీధిలో దీపాలు లెక్కపెట్టాను. మా వీధిలో 23 ఇళ్లు ఉన్నాయి. వాటిలో తొమ్మిది ఇళ్లకు తాళాలు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే పెద్దవాళ్లు అక్కడికి వెళ్లిపోయిన ఇళ్లు, పెద్దవాళ్లు పోయాక ఎవరూ రాని ఇళ్లు. మూలనున్న వాటాలో అద్దెకున్న కుటుంబం జూన్‌లోనే ఖాళీ చేసిందట. ఆ సంగతి నాకు ఆగస్టులో, దీపం వెలగకపోవడం చూశాక తెలిసింది.

ఆగస్టు 18 రాత్రి ఎదురింటి బాబాయిగారి వసారాలో లైటు వెలగలేదు. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు, డెబ్బై ఎనిమిదేళ్లు, పిన్నిగారు పోయినప్పటి నుంచి ఒక్కరే ఉంటున్నారు. పందొమ్మిదో తేదీ కూడా వెలగలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. ఇరవయ్యో తేదీ బడి నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా వెళ్లి గేటు తట్టాను. లోపల గడియ, బయట తాళం లేదు, అరుగు మీద రెండు రోజుల పేపర్లు. గుండె జారిపోయింది. తరువాత తెలిసింది, ఆయన పెరటి తలుపుకు తాళం వేసి సందులోంచి వెళ్తారట. కుడిపక్క ఇంట్లో అడిగితే, మీకు తెలుసనుకున్నామండీ అన్నారు. ఎడమపక్క ఇంట్లో, పెరుగు వేసే సుబ్బులుకు తెలిసే ఉంటుందన్నారు. సుబ్బులు, ఎదురింట్లో మీరున్నారు కదమ్మా అంది. నలుగురమూ ఒకే మాట అన్నాం, ఒకరి మీద ఒకరం వదిలేశాం. ఆ సాయంత్రం గేటు పట్టుకుని నిలబడి, హాజరు పట్టీలో ఎర్ర సిరాతో నేను రాసిన అక్షరాలు గుర్తొచ్చి కాళ్లు వణికాయి. మర్నాడు మందుల దుకాణంలో సమాచారం దొరికింది. కొడుకు కారు తీసుకొచ్చి, శుక్లాల ఆపరేషన్‌కు హైదరాబాదు తీసుకెళ్లాడు, చుక్కల మందు ఇక్కడే కొన్నారు. అంతే సంగతి. కాని ఆ ఒక్క రోజు నేను అనుభవించినది ఈ నవల చదవకపోతే అనుభవించేదాన్ని కాదు, గేటు దాకా వెళ్లేదాన్నీ కాదు.

పుస్తకం ఆలస్యానికి కారణం కూడా అదే వీధిలో ఉంది. 20న, మళ్లీ 21న, ‘ఇంటికి తాళం వేసి ఉంది’ అని ఫోనుకు మెసేజీ వచ్చింది. రెండు సాయంత్రాలూ నేను ఇంట్లోనే ఉన్నాను. 24న పార్సిలు తెచ్చిన కుర్రవాణ్ని అడిగితే, మా ఇంటి నంబరుకు చివర ఉన్న అక్షరం చూడక, అదే నంబరున్న వెనుక ఇంటికి వెళ్లానని, అక్కడ తాళం చూసి వెనక్కి మళ్లానని చెప్పాడు. “అడుగుదామంటే వీధిలో ఎవరూ లేరు మేడం” అన్నాడు.

ఆ రాత్రే 305వ పేజీతో సరిపోయే చోటు కొత్త ప్రతిలో వెతుక్కున్నాను. ముద్రణ వేరు కనుక పేజీ సంఖ్యలు కలవవు. అధ్యాయాలను లోపల చిన్న అంకెలతో విడదీశారు కాబట్టి, వాటిని పట్టుకుంటే అయిదు నిమిషాల్లో దొరుకుతుంది. కొత్త ప్రతిలో అక్షరాలు పెద్దవి. తొమ్మిది రోజులు ఎదురుచూసిన ఆ పదహారు పేజీలూ గంటలో అయిపోయాయి, చదివాక నిద్ర పట్టలేదు. ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ ఏమవుతుందో రాయను.

చివరి వారం రాత్రికి ఇరవై పేజీలు నడిచాయి. మాట్ మాస్టారు గుండె జబ్బుతో ఆసుపత్రి మంచం మీదికి చేరి, చుట్టూ పుస్తకాలు పేర్చుకుని, ఇటువంటి దానితో ఎలా తలపడాలో వాటిలో వెతుకుతుంటాడు. ఊరంతా కూలిపోతుంటే ఒక బడిపంతులు తనకు తెలిసిన ఒకే పని చేయడం, అది సరిపోదని తెలిసీ చేయడం, నాకు ఈ నవలలో అన్నిటికంటే నచ్చిన సంగతి. ఆగస్టు 29న బళ్లో తెలుగు భాషా దినోత్సవం జరిపాం. పిల్లల చేత పద్యాలు చదివిస్తూ కూడా నా ధ్యాస ఆ మంచం దగ్గరే ఉంది. ఊరి కాథలిక్ చర్చి ఫాదర్ కాలహన్ విశ్వాసం ఓడిపోయే ఘట్టం మాత్రం నాకు పూర్తిగా అందలేదనే చెప్పాలి. క్రైస్తవం తెలిసినవాళ్లకు అక్కడ ఇంకా లోతు కనపడవచ్చు.

ఆగస్టు 30, శుక్రవారం రాత్రి ఒంటిగంటా పది నిమిషాలకు అయిపోయింది. జులై 9 నుంచి లెక్క వేస్తే 53 రోజులు. పుస్తకాలకు, కళ్లజోడుకు కలిపి 2,099 రూపాయలు. అప్పటికి నాకు భయం లేదు. ఏడుపు వచ్చింది. హాజరు పట్టీ తెరిచి చూస్తే 52 పేర్లలో ‘గై’ లేనివి చేతి వేళ్లకు సరిపోతాయి, వాటిలో కొందరు ఊళ్లో లేరు గనుక మిగిలినవాళ్లు. పాలవాడి పేరు, కుక్క పేరు పక్కపక్కనే రాసుకున్నాను, వాటి కింద గీత ఎందుకు రెండుసార్లు దిద్దానో గుర్తులేదు. బయట అల్పపీడనం వాన మొదలైంది. వసారాలోకి వచ్చి చూస్తే ఎదురింట్లో లైటు వెలుగుతోంది.

బాబాయిగారు 27నే వచ్చేశారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, నెల రోజులు పేపరు కూడా చదవొద్దన్నారని దిగులుపడుతున్నారు. అరవై ఏళ్లు అక్షరం లేకుండా పూట గడవని మనిషి. నేను చదివిన పుస్తకం సంగతి చెబితే, “కథ చెప్పమ్మా, వింటాను” అన్నారు. సెప్టెంబరు 2 నుంచి రోజూ సాయంత్రం అరగంట ఆ అరుగు మీద కూర్చుని తెలుగులో చెబుతున్నాను. పేర్లు ఆయనకు నాకంటే బాగా గుర్తుంటున్నాయి, ఉత్తరాలు పంచిన జ్ఞాపకశక్తి. ఎవరి ఇల్లు ఎవరి పక్కన అని అడిగి, వేలితో అరుగు మీద వీధి గీసుకుంటారు. నిన్నటికి శ్మశానం గేటు దగ్గరి కుక్క దాకా వచ్చాం. ఎవరు చంపారని ఆయన అడగలేదు. “పాలవాడు ఆ పొద్దున పాలు వేయడానికి వెళ్లినప్పుడు, ఎవరైనా అతన్ని ఆపి ఏమైందయ్యా అని అడిగారా?” అన్నారు. రేపు ఆ పేజీలు మళ్లీ చూసి చెబుతానన్నాను.